కెంపు పక్కన నీలం

పెర్త్ శివార్లలో, కానింగ్ వేల్‌లో మా ఇంటికి వచ్చే కుర్రకారు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "అంకుల్, మీరు చేసిన వాటిలో బెస్ట్ పీస్ ఏది?" అడుగుతూ నా వేళ్ళ వంక చూస్తారు, అక్కడేదో వజ్రం కనపడుతుందన్నట్టు. ముప్ఫై ఏళ్ళకి పైగా బంగారం పని చేసిన నా చేతికి పెళ్ళి ఉంగరం తప్ప ఇంకేమీ లేదు. బెస్ట్ పీస్ సంగతి నాకు తెలియదు గాని, నన్ను బాగా భయపెట్టిన పీస్ ఏదో తెలుసు. తప్పంతా నాదే కాబట్టి కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీకు చెబితే పనికొస్తుందేమో. పనికి రాకపోయినా కాసేపు నవ్వుకోవచ్చు.

నేను ఆస్ట్రేలియాలోని ఈ పెర్త్‌కి వచ్చింది ఎనభైల చివర్లో. మాది గోదావరి జిల్లాలో ఒక చిన్న పట్నం. తాత కాలంలో మావాళ్ళు క్రైస్తవంలోకి వచ్చారు గాని చేతిలో పని మానలేదు. నాన్న ఆదివారం చర్చిలో బైబిలు చదివి, సోమవారం పొద్దున్నే కుంపటి ముందు కూర్చునేవాడు. నేనూ చిన్నప్పట్నుంచీ ఆ కుంపటి పక్కనే పెరిగాను. మా ఆవిడకి ఇక్కడ వృద్ధుల్ని చూసుకునే ఒక హోమ్‌లో ఉద్యోగం వచ్చింది. ఆవిడ వెనకాల నేను వచ్చాను. ఆ మాట చెప్పుకోవడానికి అప్పట్లో సిగ్గుపడేవాణ్ణి. ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటాను.

నాకు పని దొరికింది సిటీలో ఒక పాత భవనం మేడ మీది వర్క్‌షాపులో. కింద చిన్న కొట్టు, పైన రెండు బల్లలు. ఒకటి నాది, రెండోది మా ఓనర్‌ది. ఆయన అరవై దాటిన మనిషి. నిక్కరు, మోకాళ్ళ దాకా తెల్ల మేజోళ్ళు, పొట్టి చేతుల చొక్కా. నిక్కరేసుకున్న మనిషిని సార్ అని పిలవడం నాకు మొదటి వారం కష్టంగానే ఉండింది. పిలిస్తే మాత్రం ఆయన వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూసేవాడు. పేరు పెట్టి పిలవమనేవాడు. నాకు నోరు రాలేదు. ఆయన దగ్గర పని చేసినన్నాళ్ళూ "ఇదిగో" "చూడండి" అంటూనే గడిపేశాను.

కింద మఠం వేసుకుని కూర్చుంటే తప్ప నా చెయ్యి తిరిగేది కాదు. ఇక్కడ కుర్చీ, బల్ల, బల్ల కింద బంగారు రజను పడేందుకు ఒళ్ళోకి వేలాడే తోలు. ఆయన లంచ్‌కి వెళ్ళగానే నేను నేల మీదికి దిగి పని చేసుకునేవాణ్ణి. ఒక రోజు తొందరగా తిరిగొచ్చి చూసేశాడు. మర్నాడు నా బల్ల పక్కన ఒక పీట ఉంది. పాత పెట్టె మూత కోసి ఆయనే చేశాడు. ఆ పీట చూశాక ఈ మనిషి దగ్గర పని పోగొట్టుకోకూడదని గట్టిగా అనుకున్నాను. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను మరి.

ఆయనకి ఒకే ఒక చాదస్తం ఉండేది, ఖాకీ రంగు కవర్లు. ప్రతి ఆర్డరుకీ ఒక కవరు. అందులో డ్రాయింగు, కాగితంలో మడిచిన రాళ్ళు, ఇవ్వాల్సిన రోజు. "కవర్లోంచి తీసిన రాయి బల్ల మీదన్నా ఉండాలి, నగలోనన్నా ఉండాలి, మళ్ళీ కవర్లోనన్నా ఉండాలి. నాలుగో చోటు లేదు మేట్," అని చేరిన రోజే చెప్పాడు.

నేను చేరిన మూడో నెలలో ఒక జంట వచ్చింది. ఆవిడకి నలభై ఎనిమిదేళ్ళు. ఐర్లండ్‌లో పుట్టి, ఇరవయ్యేళ్ళప్పుడు ఇక్కడికి వచ్చి, అప్పట్నుంచీ పెద్దాసుపత్రి కాన్పుల వార్డులో నర్సు. ఒక్కతే ఉంటోంది. ఆయన గోధుమ పొలాల్లో ట్రాక్టర్లు బాగుచేసి బాగుచేసి రిటైరై, సిటీ బయట కొండల మీద ఇల్లు కట్టుకున్న మనిషి. భార్య పోయి చాలా ఏళ్ళయింది. నిలువెత్తు మనిషి, గుమ్మంలో తల వంచుకుని వచ్చాడు.

"మూడుసార్లు అడిగితే మూడోసారి సరే అంది," అన్నాడు ఆయన, ఆవిడ పక్కనుండగానే.

"ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను," అంది ఆవిడ. నవ్వుతూనే అంది. మేమూ నవ్వేశాం.

వాళ్ళకి కావలసింది ఆవిడ దేశపు ముడి ఉంగరం. అక్కడి పాత చర్చిల్లో రాతి శిలువల మీద చెక్కి ఉంటుందట. రెండు తీగలు ఒకదాన్నొకటి దాటుకుంటూ తిరిగి తిరిగి మళ్ళీ మొదటికే వస్తాయి. ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో కనపడకూడదు. మధ్యలో ఏర్పడే రెండు గూళ్ళలో రెండు రాళ్ళు, పుట్టిన నెలల ప్రకారం. ఇక్కడివాళ్ళకి నక్షత్రాలూ రాశులూ పట్టవు, నెలకో రాయి. మా ఓనర్ తన రాళ్ళ ట్రే తెచ్చి ముందు పెట్టాడు. వాళ్ళిద్దరూ చాలాసేపు ఏరుకుని రెండు తీశారు. కవరు నా చేతికొచ్చింది. పెళ్ళికి ఇంకా నాలుగు వారాలుంది.

ముడి చూసి నేను భయపడలేదు. మా ఊళ్ళో పక్కింటావిడ వాకిట్లో మెలికల ముగ్గు వేస్తుంటే చూస్తూ పెరిగినవాణ్ణి. కాగితం మీద చుక్కలు పెట్టి ఐదు నిమిషాల్లో గీసేశాను. ఓనర్ కళ్ళజోడు పైకెత్తి చూసి, "నీకెవరు నేర్పారు?" అన్నాడు. ముందు ఇత్తడి తీగతో ఒక నమూనా అల్లాను. అందులో ఒకచోట తీగ వరసగా రెండుసార్లు పైనుంచే పోయింది. ముగ్గులో పైనా కిందా తేడా ఉండదు, ముడిలో ఉంటుంది. ఆయన దూరం నుంచే పట్టేశాడు. "ఒకసారి పైన, ఒకసారి కింద. ఒక్కచోట తప్పినా అది ముడి కాదు, చిక్కు." మళ్ళీ అల్లాను, ఈసారి కుదిరింది.

తర్వాత కవర్లోని రాళ్ళ కాగితం విప్పాను. పెళ్ళికొడుకు జులైలో పుట్టాడు, కెంపు. ఆవిడ సెప్టెంబరులో పుట్టింది, నీలం.

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. కెంపూ నీలం ఒక ఉంగరంలో పక్కపక్కన పెట్టడమంటే మా నాన్న దృష్టిలో ఇద్దరు పగవాళ్ళని ఒకే గదిలో పెట్టి తలుపేసినట్టు. కెంపు సూర్యుడిదీ, నీలం శనిదీ. చర్చికి వెళ్ళే ఇంట్లో గ్రహాలేమిటని మీరడగవచ్చు. పని నేర్పినవాళ్ళతోపాటే వచ్చాయి అవి, పటకారూ వెలిగారం వచ్చినట్టు. అన్నిటికన్నా భయం నీలమంటే. దాన్ని ఊరికే పొదగరు. గుడ్డలో చుట్టి మూడు రోజులు దండచేతికి కట్టుకోవాలి, లేదా తలగడ కింద పెట్టుకోవాలి. ఏ కీడూ జరగకపోతేనే ఉంగరం. ఒక మిల్లు యజమాని మూడో రోజున మా ఇంటికి పరిగెత్తుకొచ్చి, మిల్లు బెల్టు తెగి పనివాడి భుజం పగిలిందని చెప్పి, నీలాన్ని నాన్న ముందు పెట్టి దండం పెట్టి వెళ్ళడం నా కళ్ళారా చూశాను. ఆ మనిషి ముఖం ఇప్పటికీ గుర్తే.

అందుకని ఆ కవర్ని అడుక్కి తోసేశాను. తీగ లాగాను, అల్లాను, టంకం పెట్టాను, రుద్దాను. ఉంగరమంతా అయింది గాని రెండు గూళ్ళూ ఖాళీగానే ఉన్నాయి. ఓనర్ అడిగినప్పుడల్లా ఏదో ఒక వంక చెప్పాను.

ఇంట్లో మా ఆవిడ నిలదీసింది. "ఏంటండీ, రెండ్రోజుల్నించి అన్నం కెలుకుతున్నారు? షాప్‌లో ఎవరన్నా ఏవన్నా అన్నారా?"

చెప్పాను.

"బావుందండీ. ఆదివారం ఫ్రంట్ బెంచీలో కూర్చుని ఆమెన్ అంటారు, సోమవారం రాయికి భయపడతారు. మీకిచ్చిన పని ఏంటి, ఆ రెండు రాళ్ళూ పెట్టడమేనా? పెట్టేసెయ్యండి మరి."

"ఆవిడ ఇన్నేళ్ళకి పెళ్ళి చేసుకుంటోందే. రేపేదన్నా అయితే?"

"అయితే మీవల్లేం కాదు. ముందు అన్నం తినండి."

నేను తినలేదు. నాకు నిజంగానే ఆవిడ మీద జాలిగా ఉండింది. మంచి చేద్దామనే అనుకున్నాను. ఇది రాసి పెట్టుకోండి, నేను చేసిన వెధవ పనులన్నీ మంచి చేద్దామనుకున్నప్పుడే చేశాను.

బుధవారం మధ్యాహ్నం ఆవిడ ఒక్కతే వచ్చింది, వేలి కొలత మరోసారి చూసుకుందామని. ఓనర్ లంచ్‌కి వెళ్ళాడు. కొలత చూశాను, సరిపోయింది. ఆవిడ వెళ్ళబోతుంటే నా నోరు ఆగలేదు.

"మేడమ్, మా ఊళ్ళో ఒక పద్ధతుంది," అని మొదలుపెట్టి నీలం సంగతంతా చెప్పేశాను. "మూడు రోజులు మీ దగ్గర ఉంచుకోండి. చెడేమీ జరగకపోతే శనివారం తెచ్చివ్వండి, పొదిగేస్తాను. జరిగితే రాయి మార్చుకుందాం. అంతే."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మా అమ్మమ్మ ఊరి పొలిమేరలో ఒక ముళ్ళచెట్టుండేది," అంది. "రోడ్డు వెయ్యడానికి వచ్చినవాళ్ళు దాంట్లో దయ్యాలుంటాయని కొట్టడానికి భయపడి రోడ్డునే పక్కకి తిప్పుకుని పోయారు. మీరు చెప్పేది నాకు అర్థమవుతుంది." కాగితం పొట్లాన్ని రుమాల్లో చుట్టి బ్యాగులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

నా గుండెల మీంచి బరువు దిగింది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి రెండుసార్లు వడ్డించుకున్నాను. కవరు సంగతి, నాలుగో చోటు సంగతి నా బుర్రకే తట్టలేదు. మా ఊళ్ళో, నాన్న దగ్గర, నమ్మకస్తుడైన మనిషికి రాయి ఇచ్చి పంపడం రోజూ జరిగే పని. ఇక్కడ అది ఎంత తప్పో గురువారం తెలిసింది.

గురువారం ఓనర్ తనే కవరు తెరిచాడు. కెంపుంది. నీలం లేదు. ఆయన బల్ల కింద తోలు దులిపాడు, నేల మీద మోకాళ్ళ మీద పాకాడు. అరవై దాటిన మనిషి నా కాళ్ళ దగ్గర వెతుకుతుంటే చూడలేక చెప్పేశాను.

"కస్టమర్‌కిచ్చావా? ఆవిడ సంతకం పెట్టిందా?"

"లేదు."

"నాకు చెప్పావా?"

"లేదు."

ఆయన లేచి కుర్చీలో కూర్చున్నాడు. కేకలేస్తే బాగుండేది. "ఎందుకిచ్చావు?" అని మెల్లిగా అడిగాడు. కెంపు, నీలం, శని, మూడు రోజులు, మిల్లు బెల్టు, అన్నీ చెప్పాను. మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. విన్నాక ఒకటే అన్నాడు. "మేట్, మూడు రోజుల్లో ఏదో ఒకటి జరగని మనిషి ఎవరన్నా ఉంటారా?"

అంత చిన్న మాట అన్నేళ్ళలో నాకెందుకు తోచలేదో ఇప్పటికీ తెలియదు.

శనివారం పొద్దున ఆవిడ వచ్చింది. రుమాలు విప్పి పొట్లాన్ని బల్ల మీద పెట్టింది. రాయి దొరికిందని ఊపిరి పీల్చుకునేలోపే మాట్లాడింది.

"బుధవారం ఫ్రీవే మీద నా కారు ఇంజన్ మండిపోయింది. గురువారం మా చెల్లి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, పెళ్ళికి రానంటోంది. నిన్న ఆయన ఇంటి చూరు గట్టర్లు శుభ్రం చెయ్యడానికి నిచ్చెనెక్కి పడ్డాడు. చీలమండ విరిగింది. రోజుకొకటి. మీరు చెప్పినట్టే."

"రాయి మార్చేద్దాం మేడమ్," అన్నాను.

"రాయి మార్చక్కర్లేదు. ఉంగరమే వద్దు. ఆయనతో చెప్పేశాను." ఆవిడ ముఖంలో కోపం లేదు. ఏదో బరువు దించుకున్న మనిషిలా ఉంది. నన్ను భయపెట్టింది అదే. పైగా నాకు థాంక్స్ చెప్పి మరీ వెళ్ళింది.

ఓనర్ నీలాన్ని తీసి కవర్లో పెట్టాడు. "ఆవిడ మొదట్నించీ వెనక్కి తగ్గడానికి ఒక కారణం వెతుక్కుంటోంది. మనిషికి భయం ఉంటుంది కదా. నువ్వు కారణం కాగితంలో మడిచి ఇచ్చావు," అన్నాడు. తర్వాత బీరువాలోంచి అరచెయ్యంత నల్ల పెట్టె తీశాడు. రాళ్ళని పరీక్ష చేసే సాధనం. పైన రాయి పెట్టి, చివర్న కన్ను పెట్టి చూస్తే లోపల ఒక కొలబద్ద మీద నీడ పడుతుంది. కెంపు పెట్టించి చూడమన్నాడు. నీడ ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకోమన్నాడు. కెంపు తీసి నీలం పెట్టించాడు. నీడ సరిగ్గా అక్కడే ఆగింది.

"రెండూ ఒకటే రాయి. ఒకటే పదార్థం. రంగే తేడా."

మళ్ళీ మళ్ళీ చూశాను. ఆ పదార్థం పేరేమిటో చెప్పించుకుంటే, నాన్న ఉలులు సానబెట్టుకునే కురువిందం రాయీ అదేనని తేలింది. పగవాళ్ళనుకున్నవాళ్ళు ఒక తల్లి పిల్లలు. ఇన్నేళ్ళుగా వాటిని పట్టుకుని తిరుగుతూ కూడా ఆ సంగతి తెలియనందుకు నాకు సిగ్గేసింది.

ఓనర్ పెళ్ళికొడుకు పెద్దాయనకి ఫోన్ చేశాడు. "నువ్వు మొదలుపెట్టావు, నువ్వే వెళ్ళి మాట్లాడు. రేపు పెరట్లో బార్బెక్యూ పెడుతున్నాడట, రమ్మన్నాడు," అన్నాడు. పెట్టెనీ రెండు రాళ్ళనీ నా చేతికిచ్చి, పుస్తకంలో రాసి నా చేత సంతకం పెట్టించుకున్నాడు.

ఆదివారం చర్చి అయ్యాక మా ఆవిడా నేనూ బస్సెక్కి కొండల్లోకి వెళ్ళాం. ఆవిడ ఒక టిఫిన్ డబ్బాలో చికెన్ పలావు పెట్టింది. "క్షమాపణకి వెళ్తూ చేతులూపుకుంటూ వెళ్తారా?" అంది.

ఆ ఇంట్లో చూసిన దృశ్యం నేను ఊహించలేదు. పెద్దాయన కాలికి పిండికట్టుతో కుర్చీలో కూర్చుని, చేత్తో పొడుగాటి పటకారు పట్టుకుని సాసేజీలు తిప్పుతున్నాడు. ఉంగరం వద్దన్న మనిషి వంటింట్లోంచి ఏప్రన్ కట్టుకుని బంగాళదుంపలు తెస్తోంది. నన్ను చూసి ఇద్దరూ మామూలుగానే పలకరించారు. ఆయన పక్కనే నిచ్చెన కింద పడి ఉంది, దాన్నింకా ఎవరూ ఎత్తలేదు.

నేను ఆలస్యం చెయ్యకుండా పెట్టె తీశాను. నీడలు చూపించాను, ఒకటే పదార్థమని చెప్పాను, మా నాన్న సానరాయి దాకా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా రెండు రాళ్ళనీ చూసింది.

"బాగుంది," అంది. "అయినా ఆయన కాలు విరిగింది కదా."

"తప్పు నాది. నా భయం మీకంటించాను," అన్నాను. కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

"మీరు అంటించలేదు. నాది నాకే ఉంది," అంది ఆవిడ. "ఇరవై ఎనిమిదేళ్ళుగా వేరేవాళ్ళ పిల్లల్ని చేతుల్లో పెట్టి ఒక్కదాన్నే ఇంటికెళ్తున్నాను. ఆ నిశ్శబ్దం నాకు అలవాటు. ఇదే అలవాటు లేదు."

పెద్దాయన సాసేజీల వంకే చూస్తున్నాడు. మా ఆవిడ పలావు డబ్బా మూత తీసి, అందరికీ పళ్ళేల్లో పెడుతూ, ఏదో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అడిగింది.

"సిస్టర్, ఈ మూడు రోజుల్లో ఏం చెడు జరిగిందో చెప్పారు. మంచేం జరిగిందో చెప్పలేదు."

"మంచా? మంచేముంది. డ్యూటీకి వెళ్ళాను."

"డ్యూటీలో ఏం చేశారు?"

"ఏం చేస్తాను? కాన్పులు."

"ఎంతమంది?"

ఆవిడ పళ్ళెం కింద పెట్టి వేళ్ళు మడిచింది. "బుధవారం సాయంత్రం ఇద్దరు. గురువారం కవలలు, ఇంకొకడు. శుక్రవారం ఒక అబ్బాయి. తర్వాత..." ఆవిడ ఇంకో వేలు మడవబోయి ఆగింది. "తర్వాత ఒక పాప. కాళ్ళతో వచ్చింది. ఎంతసేపటికీ ఏడవలేదు. ఇంక లేదనే అనుకున్నాం. అప్పుడు ఏడ్చింది."

"అప్పుడు రాయి ఎక్కడుంది?"

"తలగడ కింద పెడితే పక్కబట్టలతో పోతుందని యూనిఫాం జేబులో పెట్టి పిన్ను గుచ్చాను." చెయ్యి దానంతటదే ఏప్రన్ జేబు మీదికి పోయింది. "మూడు రోజులూ జేబులోనే ఉంది."

"అయితే ఏడుగురు," అంది మా ఆవిడ. "ఏడుగురూ బానే ఉన్నారు కదా సిస్టర్?"

"ఉన్నారు," అంది ఆవిడ. చాలా మెల్లిగా అంది.

ఆ క్షణంలో నాకు నా మీదే కోపమొచ్చింది. మా నాన్న బల్ల ముందు ఎంతమంది నీలాన్ని తిరిగిచ్చి వెళ్ళారో చూశాను. ఆ మూడు రోజుల్లో మంచేం జరిగిందని ఒక్కళ్ళనైనా అడిగినవాళ్ళు లేరు. మా పరీక్షలో ఆ ప్రశ్నే లేదు. రాయి పని తెలియని మా ఆవిడకి తట్టింది నాకు తట్టలేదు.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "నాలుగోసారి మోకరించి అడగాలని ఉంది. కాలు వంగదు."

"వంగమని ఎవరన్నారు?" అంది ఆవిడ. "సాసేజీలు మాడిపోతున్నాయి, చూసుకో." అని ఆయన చేతిలోంచి పటకారు లాక్కుని, ఆయన పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. కాసేపటికి నా వైపు చూడకుండానే, "ఉంగరం ఎప్పటికి అవుతుంది?" అంది.

సోమవారం పొద్దున్నే పీట మీద కూర్చుని ముందు నీలం పెట్టాను. తర్వాత దాని పక్కన కెంపు పెట్టాను. గూడు అంచులు ఒక్కొక్కటే రాళ్ళ మీదికి వంచుతూ, వంచినప్పుడల్లా ఆగి చూసుకున్నాను. ఓనర్ చూసి కూడా చూడనట్టు తన పని తను చేసుకున్నాడు. అయ్యాక భూతద్దంలో చూసి, "ఒకసారి పైన, ఒకసారి కింద," అన్నాడు. నా ప్రొబేషన్ పూర్తయిందని నాకు చెప్పిన పద్ధతి అదే.

పెళ్ళికి వెళ్ళాం. పెళ్ళికొడుకు కర్రల మీద వచ్చాడు. రానన్న చెల్లెలు చివరి వారంలో విమానమెక్కి వచ్చింది, వచ్చి అందరికన్నా ఎక్కువ ఏడ్చింది. మా ఓనర్ జీవితంలో మొదటిసారి నాకు ప్యాంటుతో కనపడ్డాడు.

ఇందులో మీకు చెప్పాల్సిందేమిటంటే, పనితోపాటు వచ్చిన భయాలన్నీ పారేయమని కాదు. కస్టమర్ చేతికి మీ భయం ఇచ్చి పంపకండి. ఒకవేళ పంపినా పుస్తకంలో రాయండి.

మరుసటి ఏడాది మా రెండో కాన్పు వచ్చింది. నొప్పులు పొద్దున మొదలయ్యాయి. ఆసుపత్రికి తీసుకెళ్తే, ఆ రోజు వార్డులో డ్యూటీ ఎవరిదో మీరు ఊహించే ఉంటారు. మా వైపు మగవాళ్ళు కాన్పు గది గుమ్మం దాకా కూడా వెళ్ళరు. వరండాలో కూర్చుంటానన్నాను. ఆవిడ వినలేదు. "ఇక్కడ భర్తలు లోపలే ఉంటారు," అని భుజం పట్టుకుని లోపలికి తోసింది. చేతులు కడుక్కోబోతూ వేలికున్న ఉంగరం తీసింది. పెట్టడానికి చోటు కోసం అటూ ఇటూ చూసి, నా అరచేతిలో పెట్టి నా వేళ్ళు ముడిచేసింది.

"పట్టుకోండి. పారేయకండి."

మా ఆవిడ నా ఎడమ చెయ్యి పట్టుకుని నలిపేస్తోంది. కుడి గుప్పిట్లో ఉంగరం. మధ్యలో ఒకసారి నర్సులు గబగబా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మెడకి పేగు చుట్టుకుందన్నారు. ఆ కొద్ది నిమిషాలూ నేను ఏ దేవుణ్ణి ఏమడిగానో నాకు తెలియదు. తర్వాత ఒక ఏడుపు వినపడింది, గట్టిగా, కోపంగా. మా అమ్మాయిది.

అన్నీ సర్దుకున్నాక ఆవిడ చేతులు కడుక్కుని నా ముందుకొచ్చి చెయ్యి చాపింది. అభినందించడానికనుకుని నా ఎడమ చెయ్యి అందించాను. ఆవిడ నవ్వి, నా కుడి గుప్పిట ఒక్కో వేలే విప్పింది. అరచేతిలో ఉంగరం ముడి ముడిలాగే అచ్చు పడిపోయింది. లోపలికి వచ్చినప్పట్నుంచీ నీలాన్ని అంత గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. అది నా చేతిలో ఉందన్న సంగతే మర్చిపోయాను.